బేస్ గిటార్ వాయించేటోళ్లకు స్టేజీ మీద ఆంప్ ఉండాల్నా?

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. సంగతి ఇది: ఈ మధ్యనే నాలుగు తీగల బేస్ గిటార్ కొన్నవు. వచ్చే నెల వనపర్తిల ఒక పెండ్లి రిసెప్షన్‌కు మీ బ్యాండ్ మొదటి ప్రోగ్రాం ఒప్పుకున్నరు. డ్రమ్స్ పిల్లగాడు "ఆంప్ లేకుండ బేస్ ఎట్ల వాయిస్తవురా, పరువు పోతది" అన్నడు. హైదరాబాద్‌ల ఒక షాపుల అడిగితే 150 వాట్ల కాంబో ఆంప్ (శబ్దం పెంచే మిషన్, స్పీకర్ రెండు ఒకటే డబ్బాల ఉండేది) 45,000 చెప్పిండ్రు. వడ్లు అమ్మిన పైసలల్ల నుంచి నాన్నను అడగాల్నా వద్దా అని నీ బాధ.

అడగకు. ఆ పైసలు ఇంట్లనే ఉండనీ. వనపర్తి ప్రోగ్రాంకు నీకు ఆంప్ అవసరం లేదు. కాని ఆంప్ చేసే పని ఒకటి ఉన్నది, అది ఇంకో తీరుగ చేసుకోవాలె. అదేందో తెలుసుకోకుండ ఉత్త గిటార్ పట్టుకొని స్టేజీ ఎక్కితే మీ డ్రమ్మర్ భయపడ్డట్టే అయితది. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపికగ చదువు.

నేను నల్లగొండల ఇరవై ఏండ్ల పైననే బేస్ వాయిస్తున్న. చర్చిల మొదలుపెట్టిన, తర్వాత ఆర్కెస్ట్రా, ఫంక్షన్ హాళ్లు, జానపద ప్రోగ్రాములు, కాలేజీ ఫెస్టులు. ఈ ఏండ్లల్ల మూడు ఆంపులు కొన్న, రెండు అమ్మిన. మిగిలిన ఒక్కటి మా రిహార్సల్ గదిల ఉంటది, ప్రోగ్రాంకు కదలదు. ప్రోగ్రాంకు పోయేటప్పుడు భుజానికి బేస్, సంచిల ఒక డీఐ బాక్స్ (అదేందో కింద చెప్తా), రెండు వైర్లు, ట్యూనర్, ఒక 9 వోల్టుల బ్యాటరీ. ఆర్టీసీ బస్సు ఎక్కినా ఎవ్వరు లగేజీ టికెట్ అడగరు.

ముందుగాల ఒక ప్రశ్న వేసుకో. ఆంప్ ఎవరికి వినిపించుటానికి? కుర్చీలల్ల కూసున్నోళ్లకా, నీకా? మనోళ్లల్ల నూటికి తొంభై మంది "జనానికి" అంటరు. అక్కడనే తప్పు పడుతున్నది.

ఆ నమ్మకం ఉత్తగ పుట్టలేదు. 1951ల అమెరికాల లియో ఫెండర్ అనేటాయన ప్రెసిషన్ బేస్ అనే బేస్ గిటార్ తెచ్చిండు, మరుసటేడు దానికని బేస్‌మన్ అనే ఆంప్ తెచ్చిండు. ఆ కాలంల హాల్‌ల ఉండే సౌండ్ సెట్టు పాడేటోళ్ల గొంతుకే. వాయిద్యాలు ఎవరిది వాళ్లే వినిపించుకోవాలె. హాళ్లు పెరిగినకొద్ది ఆంపులు పెరిగినయి. 1965ల న్యూయార్క్ షే స్టేడియంల బీటిల్స్ 55,000 మంది ముందర వాయించేనాటికి వోక్స్ కంపెనీ వాళ్లకు 100 వాట్ల ఆంపులు చేసిచ్చింది. 1969ల ఆంపెగ్ ఎస్‌వీటీ అని 300 వాట్ల ట్యూబ్ ఆంప్ వచ్చింది, దాని డబ్బాల పదంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఆ డబ్బా ఒక్కటే 60 కిలోలు దాటుతది. నువ్వు యూట్యూబ్‌ల పాత కచేరీలు చూస్తే బేస్ ఆయన వెనక బీరువా అంత నిలబడి ఉండేది అదే. అది చూసి చూసి మనకు బేస్ అంటే వెనక బీరువా ఉండాలె అని మనసుల పడిపోయింది.

ఇప్పుడు వనపర్తి ఫంక్షన్ హాల్ గుర్తు చేసుకో. స్టేజీకి రెండు పక్కల 18 అంగుళాల బేస్ బాక్సులు, వాటి మీద టాపులు (పైధ్వని వచ్చే స్పీకర్లు), పక్కన ర్యాక్‌ల వేల వాట్ల ఆంప్లిఫయర్లు. పెండ్లి పిల్లను తోల్కొచ్చేటప్పుడు అదే సెట్టు మీద డీజే పాటలు పెడితే కిటికీ అద్దాలు వణుకుతయి. అంత సామాను కిరాయికి వచ్చి ఉంటే నీ 150 వాట్ల డబ్బా జనానికి ఏం చేస్తది? పదో వరుస దాటితే అది ఉన్నదో లేదో కూడ తెల్వది. ఇంకొక లెక్క చెప్తా. వాట్లు రెండింతలు చేస్తే చెవికి పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, "జర పెరిగింది" అనిపిస్తది అంతే. రెండింతల జోరు అనిపియ్యాలంటే దగ్గర దగ్గర పది రెట్లు వాట్లు కావాలె. ఆ పందెంల నీ కాంబో ఎన్నటికీ గెలవదు, గెలవాల్సిన పని కూడ లేదు. జనానికి బేస్ వినిపించే బాధ్యత సౌండ్ ఆయనది. నీ గిటార్ నుంచి ఆయన మిక్సర్ దాక మంచి సిగ్నల్ పోయేటట్టు చూసుకునుడు నీ బాధ్యత.

ఆ మంచి సిగ్నల్ దగ్గరనే నేను దెబ్బ తిన్న. మిర్యాలగూడల ఒక పెండ్లి. నాకు అది మూడోదో నాలుగోదో ప్రోగ్రాం. సౌండ్ పిల్లగాడు మిక్సర్ దగ్గర నుంచి ఒక్కటే పొడుగు వైర్ ఇసిరిండు, "గుచ్చుకో అన్నా" అన్నడు. గుచ్చిన. మిక్సర్ స్టేజీకి ముప్పై మీటర్లు ఉంటది, ఆ వైర్ మామూలు గిటార్ వైర్. మొదటి పాట మొదలైంది. నా బేస్ ఎవరో మందపు దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు వస్తున్నది. దాని కింద ఒకటే గుంయ్యుమని హమ్మింగ్. టోన్ నాబ్ పూర్తిగ తిప్పిన, వేళ్లు బ్రిడ్జ్ (తీగల కింది కొస ఆనే ఇనుప పట్టీ) దగ్గరికి జరిపి గట్టిగ మీటిన, ఏం మారలేదు. మూడు గంటల ప్రోగ్రాం అట్లనే అయిపోయింది. బేస్ చెడిపోయింది అనుకొని మరునాడు రిపేరుకు ఇచ్చిన. బేస్‌కు ఏం కాలేదు.

అయ్యిందేందంటే, మామూలు పాసివ్ బేస్ (లోపల బ్యాటరీ లేనిది) పికప్‌ల, అంటే తీగల ఊపును కరెంటు చేసే అయస్కాంతం చుట్టల, పుట్టే కరెంటు చాన సన్నది. సన్న ధార పోసే బోరుకు పెద్ద కాలువ జోడిస్తే చేను కొసకు నీళ్లు అందుతయా? ఇదీ అంతే. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ కరెంటుకు పెట్టే అడ్డు (ఇంపెడెన్స్) సాధారణంగ 10 కిలో ఓమ్స్ దగ్గర ఉంటది. బేస్ పికప్ కోరేది 1 మెగా ఓమ్, అంటే దానికి వంద రెట్లు. నేరుగ గుచ్చితే పికప్ మీద బరువు పడి పైధ్వని అంత మాయమైతది, వేలు తీగకు తగిలే ఆ "టక్" పోతది. దానికి తోడు గిటార్ వైర్ ఆరు మీటర్లు దాటినకొద్ది మిగిలిన పైధ్వని కూడ తింటది, దారిల లైట్ల వైర్ల పక్క నుంచి పోతే వాటి హమ్మింగ్ ఎక్కించుకుంటది.

దీనికి మందు డీఐ బాక్స్. అరచేతి మీద పట్టే ఇనుప డబ్బా. ఒక పక్క నీ గిటార్ వైర్ గుచ్చుతవు, ఇంకో పక్క మైకుకు పెట్టే మూడు పిన్నుల క్యానన్ వైర్ పోతది. లోపల అది చేసేది రెండు పనులు. పికప్ మీద బరువు పడకుండ చూస్తది, సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్ చేస్తది. బ్యాలెన్స్‌డ్ అంటే ఒకటే సిగ్నల్‌ను రెండు తీగలల్ల ఒకటి తిన్నగ, ఒకటి తిరగేసి పంపుడు. దారిల దుమ్ము ధూళి రెండిటికి ఒకటే తీరుగ అంటుకుంటది, మిక్సర్‌ల ఆ రెండిటికి తేడా తీసేసరికి అంటుకున్నది పోయి అసలు సిగ్నల్ మిగులుతది. అందుకే యాభై మీటర్లు పోయినా ఏం కాదు.

డీఐలల్ల రెండు రకాలు. పాసివ్ దానికి కరెంటు అక్కర్లేదు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. యాక్టివ్ దానికి బ్యాటరీ గాని, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ గాని కావాలె. నీది బ్యాటరీ లేని పాసివ్ బేస్ అని రాసినవు కాబట్టి యాక్టివ్ డీఐ తీస్కో. బేస్ లోపల బ్యాటరీ, ప్రీఆంప్ ఉన్నోళ్లకు పాసివ్ డీఐ సాలు. నువ్వు అనుకున్న ఆంప్ ధరల పదో వంతు పెట్టినా పని చేసేది దొరుకుతది. పైసలు ఇంకొన్ని మిగిలితే వైర్ మీద పెట్టు. నాలుగైదు మీటర్లది, పిన్ను విప్పి చూడగలిగేది, టంకం పోతే మనమే ఏసుకునేది. అచ్చు పోసిన ప్లాస్టిక్ పిన్ను వైరు కొనకు, ప్రోగ్రాం నడిమిట్ల తెగితే చేసేదేం లేదు.

ఇగ అసలు ముచ్చటకు వస్తున్న. నీకు నువ్వు వినిపించుడు.

స్టేజీ మీద నిలబడ్డంక నీకు ఒక విచిత్రం తెలుస్తది. కింద కూసున్నోళ్లు "బేస్ అదిరింది" అంటరు, నీకేమో ఏ నోటు (స్వరం) పడిందో కూడ తెల్వది. కాళ్ల కింద చెక్క వణుకుతుంటది, చెవుల మాత్రం ఉత్త గుడగుడ. దీనికి కారణం ధ్వని పోకడనే. మన లావు తీగను ఖాళీగ మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతది. ఐదు తీగల బేస్ అయితే ఆ లావు తీగ 31 సార్లే. 41 హెర్ట్జ్ అల పొడుగు ఎనిమిది మీటర్లు దాటుతది, అంటే చిన్న ఫంక్షన్ హాల్ స్టేజీ వెడల్పంత. అంత పొడుగు అలకు ముందు, వెనక అనే తేడా ఉండదు. బేస్ బాక్స్ జనం దిక్కు తిరిగి ఉన్నా శబ్దం చుట్టు తిరిగి స్టేజీ మీదికి వచ్చి పడుతది. నీ వేలు తీగను తాకే శబ్దం, నోటు మొదలు ఎక్కడో చెప్పే శబ్దం, 700 నుంచి 2,000 హెర్ట్జ్ నడుమ ఉంటది. అది టాపుల నుంచి సూటిగ ముందుకే పోతది, నీ దిక్కు రాదు. అంటే జనానికి మొత్తం మాట వినిపిస్తది, నీకు దాని మూలుగు ఒక్కటే.

ఇది తెల్వక మనోళ్లు ఏం చేస్తరంటే, సౌండ్ ఆయనకు చెయ్యి ఊపి "బేస్ పెంచు, బేస్ పెంచు" అంటరు. ఆయన దృష్టిల బేస్ అంటే బేస్ బాక్సులు. ఆయన "లో" (లావు ధ్వని) నాబ్ తిప్పుతడు. గుడగుడ ఇంకింత పెరుగుతది, నీకు ఇంకింత తక్కువ తెలుస్తది, పాడేటామె మైక్ విజిల్ కొడుతది, అందరు నీ మొఖం చూస్తరు. నా మాట విని, మానిటర్ (వాయించేటోళ్ల దిక్కు తిప్పి పెట్టే స్పీకర్) గురించి ఇట్ల అడుగు: "అన్నా, నా మానిటర్‌ల బేస్ గిటార్ చానల్ పెంచు, దాంట్ల లో జర తగ్గించి మిడ్ (నడిమి ధ్వని) పెంచు." లో తగ్గించుడు ఏందని ఆశ్చర్యపోకు. లో నీకు బాక్సుల నుంచి ఫుకట్‌గ వస్తనే ఉంటది. నీ మానిటర్ నుంచి కావాల్సింది వేలి శబ్దం. 800 హెర్ట్జ్ దగ్గర కొంచెం లేపిస్తే సాలు, మబ్బు తీసినట్టు నోట్లు విడివిడిగ కనిపిస్తయి.

ఆంప్ నిజంగ పనికొచ్చేది ఇక్కడనే. అది నీ సొంత మానిటర్. సౌండ్ ఆయన దయ లేకుండ నీ చేతిల నాబ్ ఉండుడు పెద్ద సుఖం, అది నేను కాదన. డ్రమ్మర్‌కు కూడ నీ దెబ్బ సూటిగ చేరుతది. బేస్, కిక్ డ్రమ్ (కాలితోని కొట్టే పెద్ద డ్రమ్) ఒక్క తాటి మీద నడిస్తేనే పాట నిలబడుతది, మీ డ్రమ్మర్ ఆంప్ కావాలన్నది లోపల లోపల దానికోసమే అయి ఉంటది. అయితే ఆ పనికి 45,000 అక్కర్లేదు. సౌండ్ ఆయన దగ్గర నేల మానిటర్లు ఉంటే ఒకటి నీకు, డ్రమ్మర్‌కు నడుమ పెట్టించు. ఇద్దరు పక్కపక్కన నిలబడుండ్రి, నువ్వు హై-హ్యాట్ (డ్రమ్స్‌ల కాలితోని నొక్కే జంట తాళాలు) పక్కన. లేదంటే చెవుల పెట్టుకునే ఇన్-ఇయర్ వాడు. వైర్‌లెస్ వద్దు, అది ఖరీదు. మిక్సర్ ఆక్స్ (మానిటర్ల కోసం విడిగ ఉండే అవుట్) నుంచి ఒక వైర్ తెచ్చి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌కు గుచ్చి నడుముకు తగిలించుకుంటే సరిపోతది. బేస్ ఆయన డ్యాన్స్ చెయ్యాల్సిన పని లేదు కాబట్టి వైర్ అడ్డం రాదు. ఒక్క చెవికి మాత్రమే పెట్టుకునే అలవాటు చేసుకోకు. తెరిచిన చెవుల డ్రమ్స్ పడుతుంటే మూసిన చెవుల వాల్యూమ్ పెంచుకుంట పోతవు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు అంటరు, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుడుకు టైమ్ సగమైతది. ఆ లెక్కన 100 దగ్గర పదిహేను నిమిషాలే. మన ప్రోగ్రాం మూడు గంటలు. నాకు ఎడమ చెవుల రాత్రిళ్లు సన్నగ ఈల వినిపిస్తది, సింబల్ పక్కన నిలబడిన ఏండ్ల ఫలితం అది. నీ వయసుల నాకు ఈ మాట చెప్పినోళ్లు లేరు.

ఆంప్ తప్పనిసరి అయ్యే చోట్లు కూడ ఉన్నయి, అవి చెప్పకపోతే సగం సమాధానమే అయితది.

ఊర్లల్ల సువార్త కూటాలకు, జాతర పక్కన వేసే చిన్న స్టేజీలకు ఇంకా కొన్ని చోట్ల హార్న్ మైకులే కడుతరు. స్తంభానికి కట్టిన ఆ హార్న్ గొంతు కోసం పుట్టింది, మూడు ఊర్ల దాక మాట పంపుతది గాని సుమారు 300 హెర్ట్జ్ కింద దాంట్ల ఏం ఉండదు. నీ లావు తీగ 41, అన్నిటికన్న సన్నదైన జీ తీగ 98. అంటే ఖాళీ తీగలు నాలుగిటి అసలు ధ్వని ఒక్కటి కూడ ఆ హార్న్‌ల నుంచి రాదు. అటువంటి చోట డీఐ పెట్టినా లాభం లేదు, నీ ఆంపే నీకు సౌండ్ సెట్టు. చిన్న చర్చిల రెండు 12 అంగుళాల డబ్బాలే ఉండి గొంతులు, కీబోర్డ్ అన్నీ వాటి మీదనే ఉన్నా అంతే. బేస్ కూడ వాటిలకే తోస్తే పాడేటోళ్ల మాట చెదురుతది. అక్కడ 15 అంగుళాల స్పీకర్ ఉన్న 150 నుంచి 300 వాట్ల ఆంప్ గోడకు ఆనించి పెడితే హాల్ నిండుతది. గోడ మూల లో ధ్వనిని పెంచుతది, అది కూడ లెక్కల వేసుకో.

దప్పు ఉన్న ప్రోగ్రాంలల్ల నాకు ఆంప్ ఉంటే బాగుండు అనిపిస్తది. మా జిల్లాల జానపద బృందాలతోని చాన వాయించిన. ప్రోగ్రాంకు ముందు వాళ్లు గడ్డి మంట ఏసి దప్పులు కాపుతుంటరు, చర్మం బిగుసుకొని ఖణేల్మంటది. నాలుగు దప్పులు ఒక్కసారి మోగితే ఆ చప్పుడు నీ వేలి శబ్దం ఉండే జాగలనే వచ్చి కూసుంటది. నేల మీది మానిటర్ దాని ముందర ఆగదు. అటువంటప్పుడు చిన్న ఆంప్‌ను కుర్చీ మీద పెట్టి వెనకకు వాల్చి చెవి దిక్కు చూపిస్తే బతుకుతం. నేల మీద పెడితే ఆ శబ్దం పిక్కలకు తగిలి పోతది, నువ్వు వినిపిస్తలేదని వాల్యూమ్ పెంచుతవు, ముందు వరుసల కూసున్న పెద్దమనిషి చెవులు మూసుకుంటడు.

రిహార్సల్‌కు కూడ ఆంప్ కావాలె, అక్కడ సౌండ్ సెట్టు ఉండదు కాబట్టి. అది నువ్వొక్కనివే కొనాల్సిన పని లేదు, నలుగురు కలిసి పాతది ఒకటి తీసుకోండ్రి. రాక్, మెటల్ వాయించేటోళ్లు ఆంప్ గొంతు మా పాటల భాగం అంటరు, నిజమే. ఇప్పుడు ఆ గొంతును ప్రీఆంప్ పెడల్స్ ఇస్తున్నయి, వాటికి డీఐ లోపలనే ఉంటది. పెండ్లిల సినిమా పాటలకు అంత దూరం పోనక్కర్లేదు. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డులల్ల జేమ్స్ జేమర్సన్ అనేటాయన వాయించిన బేస్ చాన మట్టుకు ఆంప్ లేకుండ నేరుగ మిక్సర్‌కు పోయిందే. అరవై ఏండ్లైనా ఆ ధ్వనికి వంక పెట్టినోళ్లు లేరు.

ఒక పని మాత్రం చెయ్యకు. ఆంప్ లేదు కదా అని మీ లీడ్ గిటార్ పిల్లగాని ఆంప్‌ల బేస్ గుచ్చకు. కాలేజీ రోజులల్ల నేను గుచ్చిన. రెండో పాటల టర్రుమని చప్పుడొచ్చింది, జాలి తీసి చూస్తే పదంగుళాల స్పీకర్ కాగితం అంచు పొడుగున చీలి ఉన్నది. గిటార్ స్పీకర్‌ను అంత లోతు ఊపు కోసం తయారు చెయ్యలేదు. ఇంట్ల చిన్నగ నేర్చుకునేటప్పుడు పర్వాలేదు, డ్రమ్స్ పక్కన జోరుగ వద్దు. పగిలిందాని పైసలు నేనే కట్టిన, ఆ దోస్తు మాత్రం నెల రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు రాసేది మొత్తం ఈ సమాధానంల నాకు అన్నిటికన్న ముఖ్యం, నిదానంగ చదువు. కరెంటు సంగతి.

దేవరకొండ దిక్కు ఒక మైదానంల ప్రోగ్రాం. జనరేటర్ మీద నడుస్తున్నది. అప్పుడు నా ఆంప్ తీస్కపోయిన, దాని ప్లగ్గు స్టేజీ లైట్ల బోర్డుల పెట్టిన. సౌండ్ సెట్టు వేరే లైన్ మీద ఉన్నది. కోరస్ పాడుదామని మైక్ దగ్గరికి వంగిన, ఎడమ చెయ్యి తీగల మీదనే ఉన్నది. పెదవి మైక్ జాలికి తగిలింది. తల లోపల తెల్లగ మెరుపు మెరిసింది, రెండడుగులు వెనకకు పడ్డ. నోరంత లోహం రుచి. ఎలక్ట్రీషియన్ వచ్చి నా బేస్ బ్రిడ్జ్ మీద టెస్టర్ పెట్టిండు, లైట్ ఎర్రగ వెలిగింది. లైట్ల బోర్డుకు ఎర్త్ లేనే లేదు.

ఎట్లయితదో చెప్తా. బేస్ తీగలు బ్రిడ్జ్ నుంచి, వైర్ పై జాలి నుంచి ఆంప్ ఇనుప డబ్బాకు కలిసి ఉంటయి. మైక్ జాలి సౌండ్ సెట్టు డబ్బాకు కలిసి ఉంటది. రెండు డబ్బాలు వేరే వేరే లైన్ల మీద ఉండి, ఒకదాని ఎర్త్ పోతే, ఆ రెండిటి నడుమ వోల్టేజీ నిలబడుతది. ఒక చెయ్యి తీగ మీద, పెదవి మైక్ మీద పెడితే ఆ రెండిటిని కలిపే వైర్ నువ్వే, దారిల గుండె ఉంటది. మనది 230 వోల్టులు. ఇట్ల పానం పోయిన సంగీతకారులు ప్రపంచంల ఉన్నరు.

అందుకే ఆంప్ లేకుండ డీఐతోని పోవుడుల ఇంకో లాభం ఉన్నది. నీ తీగలు, నీ మైక్ ఒకటే సౌండ్ సెట్టుకు కలిసి ఉంటయి, రెండు ఎర్తుల తగాద ఉండదు. ఎప్పుడన్న ఆంప్ తీస్కపోతే మాత్రం సౌండ్ ఆయన ప్లగ్గు పెట్టిన బోర్డులనే నీది కూడ పెట్టు. హమ్మింగ్ వస్తున్నదని ఎవరన్న ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొడుదాం అంటే ఒప్పుకోకు. మస్తు మంది ఈ పని చేస్తరు, హమ్మింగ్ పోతది, దానితోని నిన్ను కాపాడేది కూడ పోతది. హమ్మింగ్‌కు డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటది, అది సిగ్నల్ వైర్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తది. దాన్ని అటు ఇటు జరిపి చూడు, ఎక్కువసార్లు అక్కడనే నయమైతది. జనరేటర్ ప్రోగ్రాం అయితే ఎర్త్ కడ్డీ భూమిల పాతిండ్రా లేదా అని ఆపరేటర్‌ను అడుగు, మీటర్‌తోని చూపెట్టమను. ఫేజ్‌కు, ఎర్త్‌కు నడుమ 230 దగ్గర, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ రెండు మూడు వోల్టులల్ల ఉండాలె. అడిగితే ఏమనుకుంటడో అని మొహమాటపడకు. ఇది నువ్వు చిన్నోనివి, ఆయన పెద్దోడు అనే లెక్క కాదు. నేను ఇప్పటికి మైక్ దగ్గరికి పోయేముందు వేలి వెనక భాగంతోని జాలిని తాకి చూస్తనే ఉంట, నా మైక్‌కు స్పాంజ్ తొడుగు లేకుండ పాడ.

ఇగ వనపర్తి రోజు ఏం చెయ్యాల్నో చెప్తా. ఇప్పుడే పెండ్లోళ్ల దగ్గర సౌండ్ ఆయన నంబర్ తీస్కొని ఫోన్ చెయ్యి. బేస్ గిటార్‌కు ఒక చానల్, ఫాంటమ్ వస్తదా, స్టేజీ దాక క్యానన్ వైర్, బేస్‌కు, డ్రమ్స్‌కు కలిపి ఒక మానిటర్, ఈ నాలుగు అడుగు. ఫాంటమ్ లేదంటే డీఐల బ్యాటరీ వేసుకో. రిసెప్షన్ రాత్రి ఏడింటికి అయితే నువ్వు నాలుగింటికే హాల్‌ల ఉండు. వంటోళ్లు, పూలోళ్లు వచ్చి గొడవ మొదలైనంక ఎవ్వరు నీ మాట వినరు. డీఐ గుచ్చేముందు, పీకేముందు "మ్యూట్ అన్నా" అని అరువు, ఆయన చెయ్యి లేపినంకనే గుచ్చు. లేకుంటే ధడేల్మని వచ్చే దెబ్బకు ఆయన స్పీకర్ పోవచ్చు, అప్పటి నుంచి ఆయన నీకు సాయం చెయ్యడు.

సౌండ్ చెక్‌ల ఒక పని తప్పకుండ చెయ్యి. మీ కీబోర్డ్ పిల్లగానికి నీ బేస్ ఇచ్చి లావు తీగ మీద నెమ్మదిగ ఒక్కొక్క నోటు పైకి వాయించమను. నువ్వు దిగి హాల్ వెనక దాక నడువు. కొన్ని నోట్లు ఒక్కసారిగ ఉబ్బుతయి, కొన్ని మాయమైతయి, అది హాల్ గుణం. ఉబ్బే నోటు ఏదో సౌండ్ ఆయనకు చెప్పు, ఆయన ఆ జాగల తగ్గిస్తడు. అక్కడ నిలబడి వింటే నీకు ఇంకోటి కూడ తెలుస్తది, స్టేజీ మీద నీకు తక్కువ అనిపించింది జనానికి సరిపోయేంత ఉన్నదని. ఆ తర్వాత రాత్రి వాల్యూమ్ పెంచమని పదే పదే అడగవు.

కీబోర్డ్ పిల్లగానితోని ముందే మాట్లాడుకో. మన ఆర్కెస్ట్రాలల్ల బేస్ గిటార్ లేని రోజుల నుంచి కీబోర్డ్ ఆయన ఎడమ చేతితోని బేస్ వాయించుడు అలవాటు. నువ్వు కూడ వాయిస్తే రెండు బేసులు ఒకదాని మీద ఒకటి పడి బురద అయితది. ఇళయరాజా పాట తీస్కున్నరనుకో, దాంట్ల బేస్ లైన్ ఒక పాట లెక్క నడుస్తది, ఆ ఎడమ చెయ్యి కింద ఉంటే అదంత కొట్టుకపోతది. "ఎడమ చెయ్యి ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి జరుపు" అని రిహార్సల్‌లనే చెప్పుకో, స్టేజీ మీద చెప్తే మనసు నొచ్చుకుంటది. ప్యాడ్ (కరెంటు డ్రమ్స్) వాయించేటోడు ఉంటే కిక్ శబ్దం పొట్టిగ ఉండేది పెట్టుమను. నీకు, డ్రమ్మర్‌కు జాగ దొరుకుతది.

సాయంత్రం ఏసీ వేసినంక, లైట్లు పడ్డంక తీగలు జరుగుతయి, ప్రోగ్రాం మొదలయ్యేముందు ఇంకోసారి ట్యూన్ చేసుకో. బయట లాన్‌ల పెట్టిండ్రంటే రాత్రి పదింటి తర్వాత స్పీకర్లు బంద్ చెయ్యాలె, 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలల్ల ఆ మాట ఉన్నది. మీకు ముఖ్యమైన పాటలు తొమ్మిదిన్నరలోపు పెట్టుకోండ్రి.

నాలుగైదు ప్రోగ్రాంలు అయినంక, ఆ పైసలతోనే ఆంప్ కొనాలె అనిపిస్తే అప్పుడు అడుగు, పాత వాటిల ఏది చూడాల్నో చెప్తా. ఇప్పుడు వచ్చే క్లాస్ డీ హెడ్లు (స్పీకర్ లేని తేలిక ఆంపులు) 500 వాట్లు ఉండి మూడు కిలోలు కూడ తూగవు. స్పీకర్ డబ్బాతోని విడిగ కొంటే ఒక్కొక్కటి మెల్లగ కూడబెట్టుకోవచ్చు. అప్పుడు కూడ దాని వెనక డీఐ అవుట్ నుంచి మిక్సర్‌కు వైర్ పోవుడు పోవుడే.

ఇంకొక్కటి. డీఐ బాక్స్ కొన్ననాడే దాని మీద తెల్ల టేపు అంటించి నీ పేరు రాసుకో. ప్రోగ్రాం అయినంక అర్ధరాత్రి అందరు నిద్ర కండ్లతోని వైర్లు చుడుతుంటే, సౌండ్ ఆయన పెట్టెలల్ల కలిసిపోయేది మొదలు అదే.